కాపర్ చోక్ మహాత్మ్యం

డిసెంబరు 14 వచ్చిందంటే మన ఆఫీసులకు విద్యుత్ పొదుపు పూనకం వస్తుంది. గుమ్మానికి బ్యానరు, హాల్లో ప్రతిజ్ఞ, ఆపైన సమోసా, టీ. ‘వెళ్లేటప్పుడు లైట్లు ఆర్పండి’ అని గోడకో స్టిక్కరు. ఆ స్టిక్కరు మీద వెలుగు పోసే ట్యూబ్‌లైటు పట్టీలో మాత్రం పాత కాపర్ చోక్ జుయ్యిమంటూ ఉంటుంది. ప్రతిజ్ఞలో దాని ఊసే ఉండదు.

ఎందుకు మార్చరండీ అని అడిగితే స్టోర్స్ వారి జవాబు సిద్ధం: “కాపర్ చోక్ గట్టిదండీ, ఇరవయ్యేళ్లొస్తుంది.” నిజమే, వస్తుంది. ఆ ఇరవయ్యేళ్లూ తింటూనే వస్తుంది. 36 వాట్ల ట్యూబు పక్కన కూర్చుని తన వాటాగా మరో 12 వాట్ల దాకా మింగుతుంది. అందులో రవ్వంతైనా వెలుగవదు, అంతా వేడే. ఆ వేడిని బయటికి తోడటానికి ఏసీకి మళ్లీ కరెంటు. ఇస్త్రీపెట్టెను సీలింగుకు వేలాడదీసి, ఉక్కపోస్తోందని ఏసీ పెంచుకునే తెలివి ఇది.

దీని బదులు పెట్టగల ఎలక్ట్రానిక్ చోక్ 50 హెర్ట్జ్ కరెంటును ఇరవై వేల హెర్ట్జ్ పైకి మార్చి ట్యూబుకిస్తుంది. ఆ జోరులో ట్యూబు దాదాపు పదో వంతు మెరుగ్గా వెలుగుతుంది కాబట్టి 32 వాట్లకే పాత వెలుగు వచ్చేస్తుంది. చోక్ ఖర్చు మూడు నాలుగు వాట్లు. అంతా కలిపినా 36 దాటదు. ట్యూబుకు 12 వాట్లు మిగిలితే, రోజుకు పది గంటలు, ఏడాదికి 300 రోజుల లెక్కన 36 యూనిట్లు. వంద ట్యూబుల ఆఫీసుకు 3,600. ఏ స్టిక్కరు మిగిల్చిందండీ ఇంత?

పైగా స్టార్టరు బెడద లేదు, ఓల్టేజీ పడిపోయినా వెలుగుతుంది. కాపర్ చోక్ మీద ట్యూబు సెకనుకు వందసార్లు మినుకుమంటుంది. ఆ వెలుగులో తిరుగుతున్న లేతు మిషను ఆగినట్టు కనబడే ప్రమాదముంది. గట్టిదనం గురించి చెప్పే పెద్దమనిషిని ఓసారి అక్కడ చెయ్యి పెట్టమనాలి.

అసలు మహాత్మ్యం చోక్‌ది కాదు, ఎల్-1 ది, అంటే కొటేషన్లలో అందరికన్నా తక్కువ ధర రాసినవాడిది. చోక్ కొనే పద్దు వేరు, కరెంటు బిల్లు కట్టే పద్దు వేరు. వంద రూపాయలు ఎక్కువెందుకు పెట్టారని ఆడిటు రాస్తుంది. ట్యూబుకు ఏటా 36 యూనిట్లెందుకు తగలేశారని మాత్రం రాయదు. ఎప్పుడైనా బుద్ధి పుట్టి ఎలక్ట్రానిక్ చోక్ కొన్నా, అందులోనూ అతి చవకదే. ఓల్టేజీ ఒక్కసారిగా ఎగిసే సర్జ్‌ను ఆపే భాగం ఉండదు, కరెంటు అలను చెడగొట్టే హార్మోనిక్స్‌ను అణిచే ఫిల్టరుండదు. నాలుగు నెలల్లో మాడి ఊరుకుంటుంది. అప్పుడు స్టోర్స్ వారి మొహం చూడాలి! “చెప్పలేదూ, ఎలక్ట్రానిక్ మన్నదని?” మళ్లీ కాపర్‌కు పట్టాభిషేకం.

ఇప్పుడంతా ఎల్ఈడీయే కదా అంటారా? కొన్నిచోట్ల ఆ ఎల్ఈడీ ట్యూబును పాత పట్టీలోనే బిగించి, స్టార్టరు స్థానంలో డమ్మీ పెట్టి, చోక్‌ను కదపకుండా వదిలేశారు. కొత్త ఫిట్టింగులు కొన్నచోట ఎల్ఈడీకి కరెంటు సరిచేసి ఇచ్చే డ్రైవరు ఎల్-1 సరుకు. దీపం బాగానే ఉంటుంది, డ్రైవరు పోతుంది.

కొనుగోలు కమిటీల్లో ఉన్న పాఠకులకు ఒక్క మనవి. కొటేషన్లు పోల్చే పట్టికలో ధర పక్కన ఇంకో గడి గీయించండి: పదేళ్ల కరెంటు బిల్లు. అది నింపాకే ఎల్-1 ఎవరో తేల్చండి.