స్కూబాకు వెళ్లేవాళ్లు వినకూడని సలహాలు

చెరుకుపల్లి వైపు పుట్టినవాళ్లకు నీళ్లు కొత్త కాదు. చుట్టూ కాలవలు, దగ్గర్లోనే నిజాంపట్నం రేవు. కానీ కృష్ణమ్మ తెచ్చే ఒండ్రువల్ల మన తీరంలో నీటి అడుగున ఏమీ కనబడదు. అందుకే గాలి సిలిండర్ కట్టుకుని నీటి అడుగున తిరిగే స్కూబా సరదా ఉన్నవాళ్లు అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌కో, మురుడేశ్వర్ నుంచి పడవ మీద నేత్రాణి దీవికో వెళ్తారు. బయల్దేరేముందు తలా ఒక సలహా ఇస్తారు. వాటిలో వినకూడనివి ఇవి.

1. "కాలవలో మునిగినట్టే ఊపిరి బిగబట్టు."

అన్నిటికంటే ప్రమాదం ఇదే. కాలవలో మునిగినప్పుడు మన ఛాతీలో ఉండేది గట్టున పీల్చిన గాలి. సిలిండర్ నుంచి వచ్చే గాలి అలా కాదు, ఆ లోతులోని నీటి ఒత్తిడితోనే వస్తుంది. 10 మీటర్ల లోతున ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు. అక్కడ నిండా పీల్చి, బిగబట్టి పైకొస్తే ఆ గాలి రెండింతలకు వ్యాకోచించబోయి ఊపిరితిత్తులు చిరుగుతాయి. పీలుస్తూ, వదులుతూనే ఉండాలి. ఒక్క క్షణం కూడా ఆపొద్దు.

2. "చెవి నొప్పి కాసేపు ఓర్చుకో, అదే పోతుంది."

ఓర్చుకుంటే కర్ణభేరి పగలొచ్చు. నొప్పి మొదలవకముందే, మీటరు దిగినప్పుడల్లా ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదాలి. అయినా చెవి తేలికపడకపోతే కొంచెం పైకి రావాలి. జలుబు ఉంటే అసలు దిగొద్దు.

3. "ఆస్తమా ఉందని ఆరోగ్య ఫారంలో రాస్తే దింపరు, రాయకు."

ఆస్తమా, గుండె జబ్బు, మూర్ఛ ఉన్నవాళ్లు ముందు డాక్టరును అడగాలి. దాస్తే నీటి అడుగున ఆ జబ్బు బయటపడొచ్చు.

4. "అంతా బాగుంటే బొటనవేలు చూపించు."

నీళ్లలో పైకెత్తిన బొటనవేలికి "పైకి వెళ్దాం" అని అర్థం. బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి.

5. "పొద్దున డైవ్, సాయంత్రం ఫ్లైట్. హోటల్ ఖర్చు మిగుల్తుంది."

లోతులో పీల్చిన గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో కరిగి ఉంటుంది. విమానంలో గాలి ఒత్తిడి తగ్గగానే గోలీసోడా కొట్టినట్టు బుడగలు కడుతుంది. కీళ్ల నొప్పుల నుంచి పక్షవాతం దాకా రావొచ్చు. ఒక్కసారి దిగితే కనీసం 12 గంటలు, ఎక్కువసార్లు దిగితే 18 గంటలు ఆగాలి.

6. "గుర్తుగా ఒక పగడం ముక్క తీసుకురా."

పగడపు దిబ్బలు కట్టే జీవులకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. వాటిని విరవడం నేరం. చేత్తో తాకినా వాటికి హానే.

ఈత బాగా వచ్చిన కుర్రాళ్లకు, వాళ్లను పంపే పెద్దలకు ఒక్క మనవి. మొదటిసారి 12 మీటర్లు దాటొద్దు, ఇన్‌స్ట్రక్టర్ పక్కనుంచి కదలొద్దు. ఊళ్లో ఎవరేం చెప్పినా, నీళ్లలో దిగాక వినాల్సింది ఆ ఇన్‌స్ట్రక్టర్ మాట ఒక్కటే.