ఒక డేటానోడ్ ఆత్మకథ

డిస్ట్రిబ్యూటెడ్ కంప్యూటింగ్ అంటే ఒక్క యంత్రం మోయలేనంత సమాచారాన్ని, సకాలంలో ముగించలేనంత లెక్కను నెట్‌వర్క్‌తో కలిసిన అనేక యంత్రాలకు పంచి, వాటిలో కొన్ని మధ్యలో ఆగిపోయినా పని మాత్రం ఆగకుండా చూసే విద్య. ఆ యంత్రాల సముదాయాన్ని క్లస్టర్ అనీ, అందులోని ఒక్కొక్క యంత్రాన్ని నోడ్ అనీ అంటారు. ఈ ఆత్మకథ అటువంటి ఒక నోడ్‌ది. శంషాబాద్ విమానాశ్రయానికీ శ్రీశైలం రహదారికీ నడుమ, తుక్కుగూడ వైపున ఉన్న ఒక శిక్షణ ల్యాబ్‌లో రెండు రాక్‌లలో అమర్చిన పది సర్వర్లలో ఇది ఒకటి. క్లస్టర్‌లో ఏ యంత్రమూ ఏ పనినీ తన ఒక్కదానిదిగా చెప్పుకోలేదు కనుక, ఈ సర్వర్ తన కథలో తనను ‘ఇది’ అనే పేర్కొంటుంది.

దీని దేహం పెద్దదేమీ కాదు. రాక్‌లో రెండు అరల ఎత్తు, రెండు ప్రాసెసర్లు, 64 జీబీ మెమరీ, ముందువైపు బయటికి లాగడానికి వీలైన ఆరు హార్డ్ డిస్కులు, వెనుక రెండు పవర్ సప్లైలు, నెట్‌వర్క్ కేబుల్ తగిలించే పోర్టులు. 2008 మార్చి 23న బేగంపేట నుంచి విమానాల రాకపోకలు శంషాబాద్‌కు మారిన తరువాతి కాలంలో, ఇక్కడి కార్గో టెర్మినల్‌లో దిగి, కస్టమ్స్ తనిఖీ ముగించుకుని, ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా హైటెక్ సిటీ కార్యాలయాలకు చేరిన ఎన్నో యంత్రాలలో ఇదీ ఉంది. అక్కడ రాత్రిపూట బ్యాకప్‌లు దాచుకోవడమే దీని ఉద్యోగం. వారంటీ గడువు తీరగానే పాత సామాను కింద అమ్ముడుపోయి అమీర్‌పేటలోని ఒక శిక్షణ సంస్థకు చేరింది.

అమీర్‌పేట గురించి ఈ సర్వర్ గౌరవంతోనే చెబుతుంది. మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో, కోర్సుల పేర్లతో నిండిన బోర్డుల కింద, జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉంటూ చదువుకున్న వేలమందికి తక్కువ ఫీజుతో ఉద్యోగపు తొలి మెట్టు దొరికింది అక్కడే. అయితే క్లస్టర్లను నడిపే హడూప్ అనే సాఫ్ట్‌వేర్ కోర్సులు జోరుగా సాగిన ఆ రోజుల్లో, బోధన సాధారణంగా సూడో డిస్ట్రిబ్యూటెడ్ పద్ధతిలో జరిగేది. అంటే క్లస్టర్‌లో వేర్వేరు యంత్రాలపై నడవవలసిన ప్రోగ్రాములన్నిటినీ ఒకే యంత్రంలోని ఒకే వర్చువల్ మెషీన్‌లో నడిపి చూపేవారు. దీని మెమరీలోనే ఒకేసారి పది పన్నెండు అటువంటి కృత్రిమ క్లస్టర్లు నడిచేవి. విద్యార్థులు ఆదేశాలు నేర్చుకున్నారు, ఇంటర్వ్యూ ప్రశ్నలకు జవాబులు నేర్చుకున్నారు. కానీ అన్నీ ఒకే చోట ఉన్నప్పుడు ఒక నోడ్ మాత్రమే తప్పిపోవడమన్నది జరగదు కనుక, ఈ విద్య ఏ కష్టం కోసం పుట్టిందో ఆ కష్టం వాళ్ళకు కనిపించలేదు.

ఆ కష్టం స్వరూపం తెలియాలంటే కొంత వెనక్కి వెళ్ళాలి. పెద్ద లెక్కలకు ఒకే మహాయంత్రాన్ని కొనడానికి బదులు, చిన్న ప్రాసెసర్లను అనేకం కూర్చి పని చేయించే మార్గాన్ని భారతదేశం ముందుగానే పట్టుకుంది. 1988లో పుణెలో ఏర్పడిన సీడాక్ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ 1991లో రూపొందించిన పరమ్ 8000 సూపర్ కంప్యూటర్, తమ తమ మెమరీ తమకే ఉండి, ఒకదానికొకటి సందేశాలు పంపుకునే ట్రాన్స్‌ప్యూటర్ అనే ప్రాసెసర్లను కలిపి కట్టినదే. 1994లో అమెరికాలోని నాసా గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ 16 మామూలు కంప్యూటర్లను ఈథర్‌నెట్‌తో కలిపి బేవుల్ఫ్ క్లస్టర్‌ను నిర్మించారు. శాస్త్ర గణనకు పుట్టిన ఈ మార్గాన్ని సమాచార నిల్వ వైపు తిప్పినవి గూగుల్ ఇంజినీర్లు 2003లో ఫైల్ సిస్టమ్ మీద, 2004లో మ్యాప్‌రెడ్యూస్ అనే లెక్కింపు పద్ధతి మీద ప్రచురించిన రెండు పత్రాలు. వాటి ఆధారంగా డగ్ కటింగ్, మైక్ కాఫరెల్లా రాసినదే 2006లో హడూప్ అనే పేరుతో అందరికీ ఉచితంగా అందింది. యంత్రం చెడిపోవడం అరుదైన ప్రమాదం కాదు, రోజువారీ సంగతి అన్న ఒప్పుకోలు మీదే దాని నిర్మాణమంతా నిలిచింది.

అమీర్‌పేట తరువాత ఈ సర్వర్ మూడో మజిలీ, అంటే ఈ ల్యాబ్, శంషాబాద్ వైపే కావడం కాకతాళీయం కాదనిపిస్తుంది. సీడాక్ హైదరాబాద్ కేంద్రం శ్రీశైలం రహదారి మీద, పహాడీషరీఫ్ దాటాక వచ్చే హార్డ్‌వేర్ పార్క్‌లోనే ఉంది. పోస్ట్ గ్రాడ్యుయేట్ డిప్లొమాల పేరుతో సుమారు ఆరు నెలల పూర్తికాలపు శిక్షణను సీడాక్ ఏళ్ళుగా నడుపుతోంది, పెద్ద కంప్యూటర్ సముదాయాల నిర్వహణకూ, బిగ్ డేటా విశ్లేషణకూ తన వివిధ కేంద్రాలలో విడివిడి కోర్సులు పెట్టింది. 2013 అక్టోబరులో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో హైప్యాక్ పేరుతో అదే సంస్థ నిర్వహించిన వర్క్‌షాప్‌లో ఉపన్యాసాలతో పాటు ల్యాబ్ అభ్యాసానికీ చోటిచ్చారు. ఇక 2022 నవంబరు 22న అమెజాన్ వెబ్ సర్వీసెస్ తన హైదరాబాద్ రీజియన్‌ను, అంటే క్లౌడ్ సేవల కోసం ఒక ప్రాంతంలో నెలకొల్పిన డేటా సెంటర్ల సముదాయాన్ని, ప్రారంభించినప్పుడు, రావిర్యాల ఫ్యాబ్ సిటీ, కందుకూరు మండలంలోని మీర్‌ఖాన్‌పేట, షాబాద్ మండలంలోని చందన్‌వెల్లి పేర్లు డేటా సెంటర్ల పటంలోకి ఎక్కాయి. విమానాశ్రయం చుట్టూ ఉన్న ఈ నేల మీద ఇప్పుడు లెక్కకు అందనన్ని సర్వర్లు పని చేస్తున్నాయి. వాటి మధ్య నుంచి పోయే రోడ్ల మీద బస్సెక్కి కళాశాలకు వెళ్ళే యువతలో సర్వర్‌ను చేత్తో ముట్టుకున్నవారు ఎందరో ఆలోచించవలసిన విషయం.

ల్యాబ్‌లో దీనికి ఇచ్చిన హోదా డేటానోడ్. హడూప్‌లో ఫైలును సాధారణంగా 128 ఎంబీ చొప్పున బ్లాకులుగా కోసి, ఒక్కొక్క బ్లాకుకు మూడు ప్రతులు చేసి వేర్వేరు డేటానోడ్‌లలో దాచుతారు. ఏ ఫైలుకు ఏ బ్లాకులు, ఏ బ్లాకు ఏ నోడ్‌లో అన్న చిట్టా మాత్రం నేమ్‌నోడ్ అనే ఒక్క యంత్రం దగ్గర ఉంటుంది. రెండో ప్రతిని మొదటిదున్న రాక్‌లో కాక వేరే రాక్‌లో పెడతారు. ఒక రాక్‌కు కరెంటు పోయినా, దాని స్విచ్ చెడినా సమాచారం మిగలాలన్నది ఉద్దేశం. ప్రతి డేటానోడూ మూడు సెకన్లకొకసారి నేమ్‌నోడ్‌కు చిన్న సందేశం పంపుతుంది. దీనికి హార్ట్‌బీట్ అని పేరు. అది వస్తున్నంత కాలం నోడ్ బతికి ఉన్నట్టు లెక్క.

క్లస్టర్‌ను నడిపేవారికి ఈ ల్యాబ్ ఇచ్చే నిర్వాహకుల కోర్సులో రెండో రోజున జరిగే అభ్యాసం ఈ సర్వర్ జీవితంలో అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం. శిక్షకుడు ముందుగా ఏమీ చెప్పకుండా దీని వెనుక నుంచి నెట్‌వర్క్ కేబుల్ ఊడదీస్తాడు. దీని ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, ఆరు డిస్కుల దీపాలూ వెలుగుతూనే ఉంటాయి, దాచిన బ్లాకులన్నీ క్షేమంగానే ఉంటాయి. హార్ట్‌బీట్లు మాత్రం తెగిపోయిన దారిలో ఎక్కడికీ చేరవు. విద్యార్థులు నేమ్‌నోడ్ పేజీని మళ్ళీ మళ్ళీ రిఫ్రెష్ చేస్తారు. నిమిషం గడుస్తుంది, ఐదు నిమిషాలు గడుస్తాయి, జాబితాలో ఈ నోడ్ ఇంకా బతికే ఉన్నట్టు కనిపిస్తుంది; ఏదో తప్పు జరిగిందని కొందరు సెట్టింగులు మార్చబోతారు, శిక్షకుడు ఆగమంటాడు. పది నిమిషాల ముప్పై సెకన్లు నిండాక దీని పేరు మృతుల జాబితాలోకి మారుతుంది. ఆ మరుక్షణం నుంచి దీనిలో ఉన్న బ్లాకులకు ప్రతుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గిందని నేమ్‌నోడ్ గుర్తించి, మిగిలిన నోడ్‌ల చేత కొత్త ప్రతులు చేయించడం మొదలుపెడుతుంది. గదిలో అన్ని స్విచ్‌ల దీపాలూ ఒక్కసారిగా వేగంగా మిణుకుమంటాయి.

అంతసేపు ఎందుకు ఆగాలన్నదే ఆ రోజు పాఠం. దూరాన ఉన్న యంత్రం నుంచి మాట రాకపోతే, అది ఆగిపోయిందో, దారి తెగిందో, ఆలస్యంగా జవాబిస్తోందో కేవలం ఆ మౌనాన్ని బట్టి తేల్చి చెప్పడం సాధ్యం కాదు. తొందరపడి చనిపోయిందని తీర్మానిస్తే, ఒక స్విచ్ రెండు నిమిషాలు ఆగినప్పుడల్లా వందల జీబీల సమాచారం అనవసరంగా నకలు అవుతుంది. మరీ ఆలస్యం చేస్తే ఆ లోపున మరో రెండు డిస్కులు పోయి సమాచారమే దక్కకపోవచ్చు. ఈ రెండు నష్టాల మధ్య గడువును ఎక్కడ నిలపాలన్నది నిర్వాహకుడు తన క్లస్టర్‌ను ఎరిగి తీసుకోవలసిన నిర్ణయం.

కేబుల్ మళ్ళీ తగిలించాక జరిగేది విద్యార్థులను ఇంకా ఆశ్చర్యపరుస్తుంది. ఈ సర్వర్ తిరిగి పేరు నమోదు చేయించుకుని, తన దగ్గరున్న బ్లాకుల జాబితాను నేమ్‌నోడ్‌కు సమర్పిస్తుంది. అప్పటికే కొత్త ప్రతులు తయారైనందున చాలా బ్లాకులకు నాలుగు ప్రతులు తేలుతాయి. నాలుగోది అదనం కాబట్టి, రాక్‌ల అమరిక చెడకుండా ఎక్కడో ఒకచోట నుంచి ఒక ప్రతిని చెరిపివేయమని ఆదేశం వస్తుంది, ఆ ఆదేశం తరచూ దీనికే అందుతుంది. తాను క్షేమంగా కాపాడిన బ్లాకులను తన డిస్కుల మీద నుంచి తానే తుడిచివేయడం ఈ యంత్రానికి ప్రతి బ్యాచ్‌లోనూ కలిగే అనుభవం.

పాత సర్వర్ కావడం వల్ల దీనిలోని ఒక లోపం కూడా పాఠానికి పనికివచ్చింది. మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. ఏప్రిల్ ఎండల్లో కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసిన ఒక మధ్యాహ్నం తరువాత యంత్రం లేచేసరికి దీని గడియారం ఏళ్ళ వెనక్కి పోయింది. క్లస్టర్‌లో ఎవరు ఎవరో నిర్ధారించే కెర్బరోస్ అనే భద్రతా పద్ధతి సాధారణంగా ఐదు నిమిషాలకు మించిన గడియారపు తేడాను సహించదు కనుక, పాస్‌వర్డులూ తాళాలూ అన్నీ సరిగానే ఉన్నా దీనిని ఎవరూ లోపలికి రానివ్వలేదు. విద్యార్థులు గంటల తరబడి తప్పు వెతికారు. చివరికి ఒక అమ్మాయి పది నోడ్‌లలోనూ తేదీ అడిగే ఆదేశాన్ని ఒకేసారి నడిపించి చూసింది. గడియారాలను ఒక సర్వర్‌తో సరిచూసుకునేలా ఎన్‌టీపీని అమర్చడం ఆ బ్యాచ్‌లో ఎవరూ మరచిపోయి ఉండరు. వేర్వేరు యంత్రాల గడియారాలను నమ్మి సంఘటనల వరుసను నిర్ణయించలేమని కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ 1978లోనే ప్రతిపాదించిన సిద్ధాంతాన్ని ఆ సాయంత్రం బోధించడానికి ఎక్కువ సమయం పట్టలేదు.

ప్రోగ్రామర్ల కోర్సు స్వభావం వేరు. వాళ్ళు యంత్రాన్ని ముట్టుకోరు. తమ ప్రోగ్రామును యంత్రాల దగ్గరికి పంపుతారు. సమాచారాన్ని కదిలించడం కన్నా ప్రోగ్రామును కదిలించడం తేలిక కాబట్టి, బ్లాకు ఎక్కడ ఉంటే వీలైనంతవరకు అక్కడే దానిపై పని జరుగుతుంది: మ్యాప్ దశలో ఒక్కొక్క నోడ్ తన వంతు బ్లాకును చదివి చిన్న చిన్న ఫలితాలను ఇస్తుంది, రెడ్యూస్ దశలో ఒకే రకం ఫలితాలు ఒకచోట చేరి మొత్తమవుతాయి. మొదటి అభ్యాసం ప్రపంచమంతటా దాదాపు ఒకటే, ఒక పెద్ద గ్రంథరాశిలో ఏ పదం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించడం. ఈ ల్యాబ్‌లో దానికి తెలుగు పాఠాన్ని ఇస్తారు, అక్కడే విషయం లోతెక్కుతుంది.

తెలుగు అక్షర సంకేతం ఒక్కొక్కటి యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు తీసుకుంటుంది. 128 ఎంబీ బ్లాకులో 13,42,17,728 బైట్లు ఉంటాయి. ఆ సంఖ్య మూడుతో నిశ్శేషంగా పోదు. ఖాళీలూ అంకెలూ ఒక్కొక్క బైటే కనుక కచ్చితమైన చోటు మారుతుంది గానీ, బ్లాకు కోత ఒక అక్షరం నడిమధ్య పడే అవకాశం ఎప్పుడూ ఉంది. అటువంటప్పుడు అక్షరం ఒక ముక్క ఈ సర్వర్‌లోనూ, మిగతా ముక్క అవతలి రాక్‌లోనూ ఉంటుంది. అయినా లెక్క తప్పదు: వరుసల వారీగా చదివే ప్రోగ్రాము తన బ్లాకు ముగిసినా, చేతిలో ఉన్న వరుస పూర్తయ్యేవరకు తరువాతి బ్లాకులోకి వెళ్ళి చదువుతుంది, తరువాతి బ్లాకును చదివేది తన మొదటి అసంపూర్ణ వరుసను వదిలేసి మొదలుపెడుతుంది. ఈ ఒప్పందాన్ని ఎరగకుండా సొంతంగా ఫైలు చదివే ప్రోగ్రాము రాసినవారికి, కోత పడిన చోటల్లా పదానికి బదులు ప్రశ్నార్థకపు గుర్తులు ఎదురవుతాయి. ఇంకా చూస్తే, శంషాబాద్, శంషాబాద్‌లో, శంషాబాద్‌కు అన్నవి మూడు వేర్వేరు పదాలుగా తేలుతాయి. కంటికి కనిపించని విడదీత గుర్తును ఒకరు టైపు చేసి మరొకరు చేయకపోతే ఒకే పదం రెండుగా లెక్కకు వస్తుంది. యంత్రాల సంఖ్య పెంచినా ఈ తప్పు దిద్దుకోదు. సమాచారాన్ని ఎరిగిన ప్రోగ్రామరే దిద్దాలి.

ఇప్పుడు సంస్థలు సొంత రాక్‌లను వదిలి క్లౌడ్‌కు మారుతున్నాయి కనుక, ఇటువంటి ఇనుప యంత్రాల మీద శిక్షణ ఇంకా అవసరమా అన్న సందేహం సహజమే. హడూప్ స్థానంలో స్పార్క్, కుబర్నెటీస్ వంటి కొత్త సాధనాలు వచ్చిన మాట నిజం. హైదరాబాద్ రీజియన్‌లోని యంత్రాలను ఉపయోగించేవారికి వాటి గది తలుపు కూడా కనబడదు. అయితే ఆ రీజియన్‌ను మూడు అవైలబిలిటీ జోన్లుగా, అంటే కరెంటూ నెట్‌వర్కూ వేటికవిగా ఉండి, ఒకటి పడిపోయినా మిగతావి నిలిచేలా కట్టిన ప్రాంగణాలుగా విభజించడం, ఈ ల్యాబ్‌లో రెండో ప్రతిని రెండో రాక్‌లో పెట్టడం వెనుక ఉన్న ఆలోచనే. రాక్ స్థాయిలో ఒకసారి కళ్ళతో చూసినవారు దానిని ఊరి స్థాయిలో తేలికగా పోల్చుకుంటారు. చూడనివారు మూడు జోన్లకూ డబ్బు కట్టి, డేటాబేస్‌ను మాత్రం ఒకే జోన్‌లో పెట్టుకునే పొరపాటు చేయడానికి వీలుంది.

ఈ సర్వర్ డిస్కుల్లో ఇప్పటికే రెండు మార్చారు, ఒక ఫ్యాన్ శబ్దం చేస్తోంది, విడి భాగాలు దొరకడం కష్టమవుతోంది. మరికొన్ని బ్యాచ్‌ల తరువాత దీనిని రాక్ నుంచి దించక తప్పదు. హైదరాబాద్ కార్యాలయాలలో వారంటీ తీరిన సర్వర్లు ఏటా ఇనుప సామానుకు పోతూనే ఉన్నాయి. వాటిలోని సమాచారాన్ని నియమానుసారం చెరిపి, మూడు నాలుగు చొప్పున రంగారెడ్డి జిల్లాలోని ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ కళాశాలలకు ఇవ్వవలసిందని ఆ సంస్థలను, వాటిని అద్దాల గదిలో తాళం వేసి ఉంచకుండా విద్యార్థుల చేత విప్పించి, కేబుళ్ళు పీకించి, తిరిగి నిలబెట్టించవలసిందని ఆ కళాశాలలను ఈ డేటానోడ్ కోరుతోంది.