సిలబస్‌లో లేదు మావయ్యా

మా ఇంట్లో బకెట్లు నాలుగు. స్నానానికి దొరికేది ఒక్కటే. మిగతా మూడింట్లో గప్పీ చేపలుంటాయి. ఒకదాంట్లో తల్లులు, ఒకదాంట్లో పిల్లలు, మూడోదాంట్లో పరిశీలనలో ఉన్నవి. పరిశీలించేవాడు మా అక్క కొడుకు చంటిగాడు. మెకానికల్ మూడో ఏడు. రాజమండ్రి నుంచి హైదరాబాదుకి ఇంజనీరింగ్ చదవడానికి వచ్చి మా ఇంట్లో ఉంటున్నాడు. చదవడానికి వచ్చాడన్నది మా అక్క మాట. నేను విన్నది విన్నట్టు చెబుతున్నానంతే.

గప్పీ గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్నే కంటుంది. కన్న నెలకి మళ్లీ కంటుంది. మావాడు తెచ్చింది ఒక్క జత. ఇవాళ మా అపార్ట్‌మెంటులో గప్పీలు లేని ఫ్లాటు లేదు. ఊరగాయ సీసాల్లో పోసి ఒక్కో ఇంటికీ వాయనంలా పంచాడు. ఇప్పుడు లిఫ్టులో నేను కనిపిస్తే చాలు, "మాకు ఉన్నాయండీ" అని ముందే చెప్పేస్తున్నారు. వాచ్‌మన్ అయితే డ్రమ్ముకి మూత బిగించి తాళం వేశాడు.

ఇలాంటివాడు మీ ఇంట్లోనూ ఉండే ఉంటాడు. అలమరలో తీగ తెగిన గిటారు, మంచం కింద ఒక డంబెల్ (రెండోది ఎక్కడుందో ఎవరికీ తెలియదు), మేడ మీద ఎండిన బోన్సాయ్. టేబుల్ మీద మాత్రం కొన్న రోజు కొట్టు వాసన ఇంకా వదలని ఆల్-ఇన్-వన్ గైడ్లు. మావాడికి వీటన్నిటికీ ఒక క్యాలెండరు ఉంది. సెలవుల్లో ఏ హాబీ జోలికీ పోడు. గోడకి కాళ్లు ఆనించి పడుకుని ఫోను చూస్తాడు. మిడ్స్ టైమ్‌టేబుల్ వచ్చిన సాయంత్రం మాత్రం ప్రపంచంలోని విద్యలన్నీ వాణ్ని పేరుపెట్టి పిలుస్తాయి.

మొదటి ఏడు మ్యాథ్స్ పరీక్షల ముందు వేణువు పిలిచింది. రెండు వారాలు ఊదితే గాలి తప్ప ఏమీ రాలేదు. మూడో వారం శబ్దం వచ్చింది. అది అచ్చం మా కుక్కరు విజిల్‌లా ఉంది. మా ఆవిడ కందిపప్పుకి మూడు విజిళ్లు లెక్కపెట్టి స్టవ్ కట్టేసింది. అందులో రెండు చంటిగాడివి. ఆ పూట పప్పు పళ్ల కింద కరకరలాడింది. "అత్తా, మాయామాళవగౌళలో సరళీ స్వరాలు అవి" అని వాడు సంజాయిషీ ఇచ్చుకున్నాడు. రాగం ఏదైనా పప్పు ఉడకలేదు కదా! వేణువు అటకెక్కింది. మ్యాథ్స్ సబ్జెక్టు ఉండిపోయింది.

తర్వాత రూబిక్ క్యూబు. హంగరీ దేశపు రూబిక్ అనే ఆయన 1974లో దాన్ని తయారు చేశాడట. ఎంత చిందరవందర చేసినా 20 తిప్పుళ్లకి మించకుండా సరిచేయవచ్చని 2010లో తేల్చారట. అన్నం తింటూ చెప్పాడు, ఎడం చేత్తో తిప్పుతూనే. "ఆ మ్యాథ్స్ సబ్జెక్టుకి ఎన్ని తిప్పుళ్లు కావాలో కూడా తేలిస్తే బాగుణ్ణు" అన్నాను. అప్పటికి రెండు సప్లీలు రాసి ఉన్నాడు. వాడు నవ్వలేదు. 38 సెకన్లలో క్యూబు సరిచేసి నా కంచం పక్కన పెట్టాడు.

పొద్దున తొమ్మిది నలభై క్లాసుకి వీణ్ని లేపడానికి మా ఆవిడ మూడు విడతలుగా యుద్ధం చేస్తుంది. అదే పిట్టలు చూడ్డానికైతే నాలుగున్నరకి తనే లేచి, పళ్లు తోముకుని, నా బైనాక్యులర్స్ మెళ్లో వేసుకుని అమీన్‌పూర్ చెరువుకి బయల్దేరతాడు. దానికి జీవవైవిధ్య వారసత్వ స్థలమని 2016లో హోదా వచ్చిందని, దేశంలో ఊళ్లో ఉన్న చెరువుకి అలా రావడం అదే మొదటిసారని, ఫ్లెమింగోలు కూడా దిగుతాయని నన్నూ ఒక ఆదివారం లాక్కెళ్లాడు. మా బ్యాంకు మేనేజరు గారు అటే ఉంటారు, వాకింగుకి వచ్చి కలిశారు. పెద్దమనిషి ముందు రెండు ముక్కలు మాట్లాడదామని "చూశారా సార్, ఎంత పెద్ద కొంగో" అన్నాను. "కొంగ కాదు మావయ్యా, నారాయణ పక్షి" అన్నాడు వీడు. మేనేజరు గారు పక్షిని వదిలేసి నన్ను చూశారు. ఆయన లోన్ ఫైళ్లు చూసేటప్పుడు పెట్టే చూపు అది.

హాజరు సంగతి చెప్పాలి. జేఎన్‌టీయూ లెక్కలో 75 శాతం ఉండాలి. 65కి తగ్గకుండా ఉంటే కారణం చూపించి, ఫీజు కట్టి గట్టెక్కవచ్చు. అదీ లేకపోతే డిటెయిన్డ్. 75 అనేది లోకానికి కనీసం, మావాడికి గరిష్ఠం. దీనికోసం కంప్యూటర్లో ఒక పట్టిక కట్టాడు. ఏ సబ్జెక్టులో ఎన్ని క్లాసులు జరిగాయి, ఎన్నింటికి వెళ్లాడు, ఇంకా ఎన్ని మానవచ్చు అనేది రంగుల్లో కనిపిస్తుంది. ఆ సూత్రాలు చూసి మా బ్యాంకులో వడ్డీ లెక్కలు కట్టే కుర్రాడే ముచ్చటపడ్డాడు. మ్యాథ్స్ రానివాడి పనేనా ఇది? అడిగితే, "ఇది సిలబస్‌లో లేదు కదా మావయ్యా" అన్నాడు.

ఆ మాటే వాడి గుట్టంతా. చేపల తొట్టి ముందు కూర్చోబెట్టి నాకు నైట్రోజన్ చక్రం చెప్పాడొకసారి. చేపల వ్యర్థాల్లోంచి అమోనియా పుడుతుంది, అది చేపలకి విషం. ఒక జాతి బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో జాతి వచ్చి నైట్రేట్ చేస్తే అప్పుడు చేపలు బతికి బట్టకడతాయి. అందుకే కొత్త తొట్టిలో నీళ్లు పోయగానే చేపల్ని వదలకూడదు, వారాల తరబడి ఆగాలి. బైపీసీ అయిన నాకు బళ్లో ఎవరూ ఇంత శుభ్రంగా చెప్పలేదు. చెబుతున్నప్పుడు వాడి మొహం చూడాలి, పురాణం చెప్పే పంతులుగారిలా వెలిగిపోతుంది. మర్నాటి ల్యాబ్ వైవాలో అదే మొహం వేసుకుని, అడిగిన మూడు ప్రశ్నలకీ నేల చూపులు చూసి వచ్చాడు.

ఇంకో ఋజువు. మేం ఊరెళ్తే చేపలకి మేత ఎవరు వేస్తారని ఆర్డినో బోర్డు, చిన్న మోటారు, మందుల డబ్బా కలిపి, వేళకి ఇంత మేత రాల్చే యంత్రం కట్టాడు. వారం రోజులు నిద్రపోలేదు. కరెక్టుగా పనిచేసింది కూడా. ఇది తెలిసి కాలేజీలో సారు "దీన్నే మినీ ప్రాజెక్టుగా ఇచ్చెయ్, రిపోర్టు రాయి, మార్కులేస్తా" అన్నారట. ఆ రోజు నుంచి దాన్ని ముట్టుకోలేదు. మందుల డబ్బా మళ్లీ మందులకి వచ్చేసింది. చేపలకి మేత నేను వేస్తున్నాను.

ఇప్పుడు నా చొక్కా కథ. దీనికోసమే ఇదంతా రాస్తున్నానని మా ఆవిడ అనుమానం.

ఫ్లూయిడ్ మెకానిక్స్ ల్యాబ్ రికార్డు రాయాల్సి వచ్చింది. మామూలు పిల్లలు పక్కవాడిది తెచ్చుకుని రాత్రికి రాత్రి ఎక్కించేస్తారు. మావాడు మంచి పెన్ను లేనిదే రికార్డు రాయనన్నాడు. వాళ్లమ్మతో రాజమండ్రి నుంచి రత్నం పెన్ను తెప్పించాడు. గాంధీగారి స్వదేశీ పిలుపుతో 1930లలో పుట్టిన పెన్ను, ఎబొనైటు ఒళ్లు, చేత్తో కడతారు. "వాసన చూడు మావయ్యా" అని ముక్కు దగ్గర పెట్టాడు. కాస్త రబ్బరు, కాస్త గంధకం. డ్రాపరుతో ఇంకు పోయడానికి ఒక సాయంత్రం పట్టింది. ఏ ఇంకు ఏ కాగితం మీద పీల్చుకుంటుందో చూడ్డానికి రెండు రోజులు. చూసిన కాగితాలు రికార్డువే. చివరికి మొదటి పేజీలో ముత్యాల్లాంటి అక్షరాలతో బెర్నౌలీ సిద్ధాంత నిరూపణ అన్న శీర్షిక వెలిసింది. కింద గీత కూడా కొట్టాడు. ఆ తర్వాత పేజీలన్నీ ఆ పెన్నుకి తగినంత శుభ్రంగా, తెల్లగా ఉండిపోయాయి.

పెన్ను ఖాళీగా పడుంది కదా అని ఒకరోజు బ్యాంకుకి పట్టుకెళ్లాను. నిజం చెప్పొద్దూ, నలుగురూ చూస్తారని కూడా. ఒక పెద్దావిడ డిపాజిట్ రసీదు మీద సంతకం పెడుతుంటే పాళీ నుంచి రేగుపండంత చుక్క రాలింది. కంగారులో తుడవకుండానే జేబులో పెట్టుకున్నాను. కొత్త తెల్ల చొక్కా. ఇంటికొచ్చి వీడి ముందు నిలబడితే చొక్కా వంక చూడనైనా చూడలేదు. "ఇంకు అడుక్కి వచ్చిందా? అయితే పైనంతా గాలే. నీ చేతి వేడికి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, ఉన్న ఇంకుని బయటికి నెడుతుంది. సగం అయ్యేలోపే మళ్లీ నింపాలి" అన్నాడు. పైపెచ్చు పీడనం, ఘనపరిమాణం, ఉష్ణోగ్రత అని నా చొక్కా మరక పక్కనే వేలితో సమీకరణం రాసి చూపించాడు.

వాడికి ఉండిపోయిన రెండో సబ్జెక్టు థర్మోడైనమిక్స్.

"ఒరేయ్, ఇదే పేపర్లో రాసి చావొచ్చు కదరా" అన్నాను. "అక్కడ పెన్ను గురించి అడగరు మావయ్యా, పిస్టన్ గురించి అడుగుతారు" అన్నాడు చాలా బాధగా. ఆ బాధ చూసి తిట్టబోయినవాణ్ణి ఆగిపోయాను. మరక ఇప్పటికీ ఉంది. మా ఆవిడ ఆ చొక్కాని చేపల తొట్టి తుడవడానికి కేటాయించింది.

రోజూ రాత్రి తొమ్మిదింటికి మా అక్క ఫోను. "వాడు చదువుతున్నాడట్రా?" వాడు ఏదో ఒకటి చదువుతూనే ఉంటాడు కాబట్టి "ఆఁ, చదువుతున్నాడక్కా" అంటాను. "నువ్వు గట్టిగా చెప్పవు, నీకూ చేతకాదు. మేనమామ పోలికే వచ్చి చచ్చింది" అంటుంది. ఈ చివరి మాట దగ్గర నేను సిగ్నల్ సరిగా లేదంటాను.

ఎందుకంటే మా మంచం కింద ఒక హార్మోనియం ఉంది. దాని వెనకాల స్టాంపుల ఆల్బములు రెండు, హోమియో మాత్రల పెట్టె ఒకటి. ఇంకా వెనక్కి చెయ్యి పోనిస్తే జేఏఐఐబీ పుస్తకాలు తగులుతాయి. బ్యాంకులో పనిచేసేవాళ్లు రాసే పరీక్ష అది, పాసైతే ఇంక్రిమెంటు. నేను మొదలుపెట్టినప్పుడు మూడు పేపర్లే. నేను తీరిగ్గా చదివేలోపు, 2023లో నాలుగు చేశారు. నా హార్మోనియం, స్టాంపులు ఒక్కొక్కటీ ఏ ఏడాది మొదలయ్యాయో చూస్తే, పరీక్షకి ఫీజు కట్టిన ఏళ్లూ అవే. ఈ సంగతి ఇంట్లో ఎవరూ ఇంతవరకూ లెక్క కట్టలేదు. చంటిగాడు కట్టి ఉంటాడు. వాడి దగ్గర పట్టికలున్నాయి. కానీ ఎప్పుడూ అనలేదు, అంత మంచివాడు.

మొన్న మే 9. మధ్యాహ్నం రెండింటికి వాడికి థర్మోడైనమిక్స్ సప్లీ. మర్నాడు నాకు జేఏఐఐబీ. పొద్దుటినుంచి ఇద్దరం చెరో గదిలో పుస్తకాలు తెరుచుకుని కూర్చున్నాం. పదకొండున్నరకి తలుపు కొద్దిగా తీసి తల పెట్టాడు. "మావయ్యా, మన ఊళ్లో ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. మేలో ఇవాళ, మళ్లీ ఆగస్టు 3న. పన్నెండూ పన్నెండుకి నిటారుగా ఉన్న వస్తువుకి నీడ ఉండదు."

"పరీక్ష పెట్టుకుని ఇదేమిట్రా" అన్నాను, చెప్పులు వేసుకుంటూ.

మేడ మీద గచ్చు నిప్పులా ఉంది. వంటింట్లోంచి కాఫీ ఫిల్టరు ఎత్తుకొచ్చి నడిమధ్యన నిలబెట్టాడు. ఇత్తడిది, మా అత్తగారిచ్చింది. ఇద్దరం దాని ముందు గొంతుక్కూర్చున్నాం. నీడ వెడల్పు వేలెడు ఉంది, తర్వాత గోరంత, తర్వాత దారమంత. వాడి మెడ మీంచి చెమట కారుతోంది, తుడుచుకోవడం లేదు. నేనూ అంతే. కింద నుంచి మా ఆవిడ ఫిల్టరు కనపడటం లేదని ఎవర్నో గట్టిగా అడుగుతోంది. జేబులో ఫోను మోగింది. అక్క.

"పరీక్షకి బయల్దేరాడట్రా?"

"లేదక్కా, ఇంకా టైముంది."

"నీకూ రేపేగా పరీక్ష. ఇద్దరూ ఏం చేస్తున్నారు?"

చంటిగాడు నా మోచెయ్యి పట్టుకుని గుంజాడు.

"ఒక్క నిమిషం ఉండక్కా" అన్నాను, "నీడ పోతోంది."