తగిలింది, కదిలింది: సటీకా తాత్పర్యము

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాసిన మల్లినాథసూరి మన మెదక్ జిల్లా కొల్చారం వాడంటారు. మూలంలో లేనిది రాయనని, అవసరం లేనిది చెప్పనని ఆయన ముందే మాట ఇచ్చి వ్యాఖ్యకు దిగాడు. నేను అంత మాట ఇవ్వలేను. నా చేతికి దొరికిన మూలం ఐదు పంక్తులు. అందులో ఉన్నదానికంటే లేనిదే ఎక్కువ.

గ్రంథకర్త మా బావ. మేనత్త కొడుకు కూడా కాబట్టి ఏకవచనంలోనే అంటాను. రిటైరయ్యాక ముప్ఫై ఎనిమిది అడుగుల పాత తెరచాప పడవ ఒకటి కొని, మా అక్కను ఎక్కించుకుని, ఏటా చలి మొదలవగానే అమెరికా తూర్పు తీరం వెంట దక్షిణానికి దిగుతుంటాడు. అక్కడ వర్జీనియాలోని నార్‌ఫోక్ దగ్గర సున్నా మైలుతో మొదలై ఫ్లోరిడా దాకా ఒక జలమార్గం ఉంది. ఏళ్ళనీ, తీరం లోపలి జలాలనీ, తవ్విన కాలువలనీ గొలుసుగా కలిపి చేశారు. సముద్రపు పడవలు తిరిగే దారే అయినా దూరాన్ని మాత్రం నేల మైళ్ళలోనే కొలుస్తారు. మనకూ కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఇలాంటిదే ఉండేది. పెదగంజాం నుంచి బకింగ్‌హాం కాలువలో బియ్యం పడవెక్కి మద్రాసు వెళ్ళానని మా తాతగారు చెప్పేవారు. ఆయన ఏ పుస్తకమూ రాయలేదు గనక నాకు వ్యాఖ్య రాసే పని తప్పింది.

బావ లాగ్‌బుక్ తెలుగులో రాస్తాడు. ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి, పది రోజులు అతిథిగా ఆ పడవలో ఉన్నాను. చదవడానికి ఇంకేమీ లేదు.

మూలము

నవంబరు 14. 6.50 లంగరు ఎత్తు. గాలి నైరుతి, ముక్కు మీద. ఇంజను.
8.20 వంతెన.
9.50 హెల్ గేటు. తగిలింది. కదిలింది.
3.10 లంగరు దింపు. నీళ్ళు 12, గొలుసు 120.
టాయిలెట్ బాగుచేశాం. పప్పుచారు. అంతా బాగుంది.

టీక

నవంబరు 14 = తుపానుల కాలం జూన్ 1న మొదలై నవంబరు 30తో ముగుస్తుంది. అది ముగిసేదాకా ఆగితే ఉత్తరాన చలికి వేళ్ళు కొంకర్లు పోతాయి, ముందే దిగితే బీమా కంపెనీకి కోపం వస్తుంది. ఆ రెంటి నడుమ ఇరుక్కున్న తేదీ ఇది.

లంగరు = పారసీక శబ్దం. లంగరుఖానాలో అడగకుండానే అన్నం పెడతారు. ఈ పడవలో మాత్రం లంగరు పైకి వచ్చేదాకా కాఫీ పుట్టదు.

ఎత్తు = ఇక్కడ ఆగాలి. ఇది "లంగరు ఎత్తుట" అనే క్రియకు సంక్షేపమని పైపైన చదివేవాళ్ళు అనుకుంటారు. కాదు. ఇది విధ్యర్థకం, మధ్యమ పురుష, ఏకవచనం. అంటే జరిగిన పని కాదు, ఇచ్చిన ఆజ్ఞ. ఎవరికి? మూలం చెప్పదు, వ్యాఖ్యాత చెప్పాలి. బావ వెనక చుక్కాని చక్రం దగ్గర నిలబడతాడు. ముందు కొసన గొలుసు చుట్టే మర మీట కాలితో నొక్కుతూ, పైకి వచ్చే ప్రతి అడుగునూ బకెట్టు నీళ్ళతో కడిగేది మా అక్క. జార్జియా ఏళ్ళ అడుగున ఉండే బురద బూడిద రంగుది. వాసన కుళ్ళిన గుడ్డుది. చీరకట్టు పడవలో పనికిరాదని అక్క ప్యాంటు వేసుకుంటుంది, ఆ ప్యాంటుకు విడిగా ఒక సంచి. ఇంజను మోతలో మాట వినబడదు గనక ఇద్దరికీ చేతి సైగలే. చెయ్యి ముందుకు చాస్తే పోనీ అని, పిడికిలి బిగిస్తే ఆగు అని. రెండు చేతులూ నడుం మీద పెడితే ఏమిటో లోకానికంతటికీ తెలుసు.

ముక్కు మీద = పడవ పోవలసిన దిక్కు నుంచే గాలి వస్తోందని భావం. తెరచాప ఎంత తెలివైనదైనా గాలికి నేరుగా ఎదురు పోలేదు. అటూ ఇటూ వాలుగా అల్లుకుంటూ పోవాలి. కాలువ వెడల్పు అందుకు ఒప్పదు.

ఇంజను = పై పదానికి ఫలితం. ఈ పడవను తెరచాప పడవ అనడం నేతిబీరకాయలో నెయ్యి వంటిది. నేనున్న పది రోజుల్లో తెరచాప విప్పింది రెండు పూటలు. మిగతాదంతా గంటకు ముప్పాతిక గాలన్ డీజిలు.

వంతెన = సవన్నా దాటాక స్కిడవే దగ్గరి వంతెన. ఈ దారిలో కదలని వంతెనలు సాధారణంగా పోటు మీద 65 అడుగుల ఎత్తు వదులుతాయి. మా స్తంభం పైనున్న యాంటెనా కొసతో కలిపి 58. అప్పుడు పోటు ఇంకా సగమైనా రాలేదు గనక పైన ఇంకొన్ని అడుగులు మిగులు. ఈ లెక్క బావ నాకు రెండుసార్లు చెప్పాడు. ఐనా కింద నుంచి తలెత్తి చూస్తే స్తంభం వంతెనను ఢీకొట్టబోతున్నట్టే ఉంటుంది, ఒక అడుగు కాదు, పదడుగులు కోసుకుపోతున్నట్టు. ఇది భ్రాంతిమదలంకారం. ముగ్గురం తలలు వంచాం. లెక్క చెప్పినవాడే ముందు వంచాడు.

హెల్ గేటు = నరకద్వారం. అతిశయోక్తి అనుకోకూడదు, పటంలో ఉన్న పేరే. వెర్నన్ నదిని ఒగీచీ నదితో కలిపే చిన్న తోవ, ఇసుకా బురదా మేట వేసి లోతు చెడిపోయిన చోటు. జార్జియా తీరంలో ఆటుపోట్ల తేడా ఏడడుగుల పైమాట. అందుకని తెలిసినవాళ్ళు ఇక్కడికి సగం పోటు వేళకు చేరేలా బయలుదేరతారు. పోటు నడిమి గంటల్లో నీరు అన్నిటికంటే జోరుగా పెరుగుతుంది. ఏడడుగుల పోటు అనుకుంటే ఆ గంటలో అందులో నాలుగో వంతు, అంటే పది నిమిషాలకు మూడున్నర అంగుళాలు. ఒకవేళ అడుగు ఆనినా కాఫీ చల్లారేలోపు నీరే ఎత్తి పంపుతుంది. ఆటు వేళ ఆనిందా, ఆరేడు గంటలు పక్కకు వాలి కూర్చోవాలి, గడ్డిలోంచి వచ్చే కంటికి ఆనని పురుగులకు భోజనమై.

తగిలింది = ఏది? పడవ అడుగుభాగం. దేనికి? బురదకు. ఎవరివల్ల? ఇక్కడ మూలం మౌనం. తెలుగు భాషలో ఇంత సౌకర్యమైన క్రియ మరొకటి లేదు. గ్లాసు పగిలింది, పాలు పొంగాయి, పడవ తగిలింది. లోకంలో వస్తువులన్నీ వాటంతట అవే చేసుకుపోతున్నట్టు, మనం పక్కన నిలబడి చూస్తున్నట్టు. ఆ సమయంలో చక్రం ఎవరి చేతిలో ఉందో నేను చూశాను. అక్క "ఎడమకి, ఎడమకి" అన్నదీ విన్నాను. ఫోనులోని పటం మాత్రం కుడికి చూపించిందని బావ వాదం. వ్యాఖ్యాత తటస్థుడుగా ఉండాలి కనుక ఇంతటితో వదిలేస్తున్నాను.

కదిలింది = పన్నెండు నిమిషాల తరవాత.

నీళ్ళు 12, గొలుసు 120 = తెలియనివాళ్ళు పన్నెండు అడుగుల నీళ్ళకు పదింతల గొలుసా, ఎంత పిరికివాడు అంటారు. అది అర్థం తెలియక అన్నమాట. పన్నెండు ఆటు లోతు. రాత్రి పోటుకు ఏడు కలపాలి, పందొమ్మిది. గొలుసు నీటి మీంచి కాదు, పడవ ముక్కు మీంచి దిగుతుంది, అక్కడికి నాలుగు, ఇరవై మూడు. దానికి అయిదింతలు నూట పదిహేను. మిగిలిన అయిదడుగులు అక్క మనశ్శాంతికి. గొలుసు నిలువుగా లాగితే లంగరు పెకలుతుంది, నేల మీద పడుకుని లాగితేనే పాతుకుంటుంది. అందుకే ఇంత పొడవు.

బాగుచేశాం = మొత్తం గ్రంథంలో ఉత్తమ పురుష బహువచనం ఇదొక్కటే. లంగరెత్తినప్పుడు లేని "మనం" టాయిలెట్ దగ్గరికి వచ్చేసరికి పుట్టుకొచ్చింది. అయితే "చేశాం" అనే రూపం మేముకూ మనకూ సమానం. ఇది "మేము" ఐతే బావా అక్కా. "మనము" ఐతే నేనూ ఉన్నట్టు. ఈ సందేహం తీర్చగలవాణ్ణి నేనే. టార్చి పట్టుకున్నది నేను. అసలు కారణమూ నేనే. పడవ టాయిలెట్లో పని ముగిశాక చేతిపంపు ఇరవైసార్లు కొట్టాలి, లేకపోతే సరుకు గొట్టంలోనే ఆగి, బాతుముక్కులాంటి రబ్బరు కవాటం దగ్గర గట్టిపడుతుంది. నేను నాలుగుసార్లు కొట్టి, నీళ్ళు తెల్లగా వచ్చాయని తృప్తిపడి లేచేవాణ్ణి. పది రోజుల్లో ఐదు రోజులు. తొమ్మిది రసాల్లో ఇక్కడ పోషించబడినది ఏదో సహృదయులు ఊహించుకోగలరు. శృంగారం కాదు.

పప్పుచారు = రెండు మంటల గ్యాసు పొయ్యి మీద వండినది. పడవ ఊగినా పొయ్యి నిటారుగా ఉండేలా దాన్ని ఇరుసుల మీద వేలాడదీస్తారు. కుక్కరు మూత బిగుసుకుంటుంది కాబట్టి పప్పు ఒలకదు, గ్యాసూ నీళ్ళూ కలిసొస్తాయి. ఒక విశేషం. నౌకల నియమావళిలో మూడు పొట్టి కూతలకు అర్థం "నా ఇంజను వెనక్కి నడుస్తోంది" అని. అక్క కుక్కరుకు సరిగ్గా మూడు విజిల్సే రానిస్తుంది. లంగరు దగ్గర కాబట్టి సరిపోయింది.

అంతా బాగుంది = భరతవాక్యం. పడవవాళ్ళు ప్రతి పుట చివరా ఇదే రాస్తారట. మునిగిన పుట రాయడానికి ఎవరూ మిగలరు.

తాత్పర్యము

ఓయీ పాఠకుడా! ఉదయమున నొకతె బురద గడుగుచుండగా నొకడు చక్రము ద్రిప్పుచు, ఎదురుగాలికి వెఱచి తైలయంత్రమును శరణుజొచ్చి, సేతువు క్రింద శిరస్సు వంచి, నరకద్వారమున నాని, నీటి దయచే లేచి, సాయంకాలమున నూట యిరువది యడుగుల యినుము జలమున వైచి, అతిథి చేసిన పాపమును గొట్టమునుండి తీసి, చేతులు మూడుసార్లు సబ్బుతో గడిగికొని పప్పుచారు భుజించిరని భావము.

పాఠాంతరము

తెల్లారి పుస్తకం మళ్ళీ తెరిస్తే మూడో పంక్తిలో పెన్సిలు గీత కనబడింది. "తగిలింది"లో చివరి అక్షరం కొట్టేసి, దాని మీద గుండ్రటి చేతిరాతలో "చారు" అని ఉంది. తగిలించారు. ప్రేరణార్థకం, గౌరవ బహువచనం. వ్యాకరణరీత్యా నిర్దుష్టం, కర్త దొరికాడు.

ఇది ప్రక్షిప్తమని బావ పక్షం. ఆ "చారు" నిజానికి పప్పుచారులోదని, వంటగదిలో తొందర వల్ల రెండు పంక్తులు పైకి జరిగి పడిందని అతని వాదం. నేను కళ్ళజోడు పెట్టుకుని చివరి పంక్తి చూశాను. పప్పు పక్కన చారు ఉన్నచోటే ఉంది.