ముగ్గురి చదరంగ సూత్రమునకు లఘుటీక

మూలము: ముగ్గురాడునెడ, తొలుత ఎవని యాటనైనను కట్టించినవాడే గెలుచును, తక్కిన యిద్దరును సమముగా ఓడుదురు.

ప్రతిపదార్థము: ముగ్గురు = ఇద్దరును, చూచుచు ఊరకుండలేని మూడవవాడును; ఆడునెడ = ఆటకు ముందు నియమములకై వాదులాడుచున్న సమయమున; ఎవని యాటనైనను = ఎడమవానిదో కుడివానిదో, తనది మాత్రము కాదు; కట్టించినవాడే = రాజునకు కదల చోటు లేకుండ జేసినవాడే (ఇచటి ఏవకారము, “నేనును సాయపడితిని గదా” యనువాని నోరు మూయించుటకు); ఓడుదురు = స్పష్టము.

టీక: సూత్రకారుడు బల్లను గూర్చి పలుకకుండుటకు కారణము, బల్లయందు అన్యాయము లేకుండుటయే. 8 గడుల వెడల్పును 4 గడుల లోతును గల మూడు రాజ్యములను షడ్భుజముగా కూర్చినచో 96 గడులగును. ఎవని యెదుట చూచినను నాలుగు వరుసలు ఎడమ శత్రువు మీదికిని, నాలుగు కుడి శత్రువు మీదికిని పోవును. నట్టనడుమ ఆరు గడులు కలియు బిందువునొద్ద శకటునకు దారి రెండుగా చీలును. ఆ సందిగ్ధమును మువ్వురకు సమానమే. 1722లో నేపుల్స్ నగరమున మారినెల్లి ముగ్గురాటపై గ్రంథము ప్రకటించిన నాటినుండియు బల్ల గీయువారికి కొఱతలేదు.

పేచీ అంతయు ఎత్తుల వరుసలో నున్నది. నా తరువాత ఆడవలసినవానిని నేను ముట్టడించినచో వాడొక్కడే తన్ను కాచుకొనవలెను. నాకు ముందాడినవానిని ముట్టడించినచో, వాని వంతు వచ్చులోపల నడుమనున్నవాడు అడ్డుపడవచ్చును. కావున ప్రతివాడును తన తరువాతివానిని వేటాడుచు, ముందువానిచే వేటాడబడుచుండును. ఇక ఇద్దరు కూడబలుకుకొని మూడవవానిపై బడిరా, వాని ఒక్క ఎత్తునకు పైయెత్తులు రెండు. ప్రకృత సూత్రము ఈ పొత్తును లోపలినుండి తినివేయుచున్నది: తన పొత్తుగాడు ఆట కట్టించెనేని తానును ఓడును గనుక, తుది సమీపించినకొలది మిత్రుడే బాధితునకు అండయగును. దయచేత వచ్చునని భ్రమింపరాదు. దురాశచేతనే వచ్చును, అయినను వచ్చును.

11వ శతాబ్దమున అల్బెరూనీ వర్ణించిన హిందూదేశపు నలుగురాటవలె పాచికలు వేసి, ఏ బలము కదలవలెనో విధికి విడువరాదా యని పూర్వపక్షము. విడువవచ్చును, కాని ఓడినవాడు పాచికలను నిందించును, గెలిచినవాడు తన బుద్ధిని పొగడుకొనును, వివాదము యథాతథము.

తాత్పర్యము: సూత్రము కుట్రకు మందే కాని వరుసకు కాదు. ముగ్గురు ఆడదగిన వరుసలు ఆరు గనుక, ఆరాటలాడి గెలుపులు లెక్కించుట న్యాయము. అంత ఓపిక లేనివారు ఇద్దరినాడనిచ్చి, మూడవవానిని కాఫీకి పంపుట మేలు.