ముందు చక్రం వెనక దాక్కున్న నీకు

మా పాత పికప్ ఎడమ ముందు చక్రం వెనక, కింది ఆర్మ్ కొసన, రబ్బరు టోపీ కింద కూర్చున్న బాల్ జాయింటూ,

ఈ ఉత్తరం నీకే. నలుగురూ వినాలని బయటపెట్టి రాస్తున్నాను. ధర్మాబాద్‌లో మిర్చి బస్తాలు, పత్తి, సోయాబీన్ మోసే పికప్‌లలో కొత్తవి తక్కువ. ఎంహెచ్ 26 నంబరుతో ఇక్కడే ముసలివైనవి కొన్ని, సరిహద్దు అవతల నిజామాబాద్, భైంసా వైపు పని చేసి చేతులు మారి వచ్చినవి కొన్ని. ఆ బళ్ళ కింద నువ్వో నీ చుట్టాలో ఉన్నారు. మీ సంగతి బండి యజమానులందరికీ తెలియాలి.

నువ్వు అరుగుతున్నావని నా బాధ కాదు. ఇనుము మీద ఇనుము ఆడితే అరుగుతుంది. ఎవరికీ తెలియనంత నెమ్మదిగా అరుగుతావే, నా కోపమంతా దాని మీద. మా తమ్ముడు ఆ బండిని రోజూ నడుపుతాడు. నువ్వు వెంట్రుకవాసి వదులైన రోజు వాడి చేతులు వెంట్రుకవాసి సర్దుకున్నాయి. బండి ఎడమకు గుంజడం మొదలైతే, స్టీరింగ్‌ను కాస్త కుడికి పట్టుకోవడం వాడికి తెలియకుండానే అలవాటైపోయింది. గుంతలో పడ్డప్పుడు వచ్చే చప్పుడు పాత బండి చప్పుళ్ళలో ఒకటై కలిసిపోయింది. వాడికి జ్వరం వచ్చి, వేరే కుర్రాడు లోడు తీసుకెళ్ళిన రోజున నువ్వు దొరికావు. ఊరు దాటకముందే ఫోన్ చేశాడు. "అన్నా, బండి సీదా పోతలేదు. గుంతల పడ్డప్పుడల్లా ముందర టక్కుమంటున్నది. మీకు తెలుస్తలేదా?"

తమ్ముడికి తెలియలేదు. వాడు మంచి డ్రైవరు. ఆ మంచి డ్రైవింగే నిన్ను కాపాడుతూ వచ్చింది. రోజూ నడిపేవాడి నేర్పు చాటున బతికే జబ్బువి నువ్వు. అందుకే నీ విషయంలో ఆ బండి డ్రైవరు మాట ఒక్కటే నమ్మకూడదని ఇప్పుడు గట్టిగా చెబుతున్నాను.

నీ తయారీ తెలిస్తే నీ ఎత్తులూ తెలుస్తాయి. మన తుంటి ఎముక గుండు గిన్నెలో తిరిగినట్టు, ఉక్కు గుండు ఒక గిన్నెలో తిరుగుతుంది. చుట్టూ గ్రీజు, పైన రబ్బరు టోపీ. ఆ టోపీ చిరిగేదాకా నీకు దిగుల్లేదు. చిరిగితే నీళ్ళు దిగుతాయి, గ్రీజు పోతుంది, దుమ్ము చేరుతుంది. మాది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. దాని మీద వేసిన రోడ్డు కూడా దానితోపాటే లేస్తుంది, కుంగుతుంది. చేలగట్ల దాకా వెళ్ళి బస్తాలు ఎత్తుకొచ్చే బండికి వానాకాలమంతా జిగురుమట్టి, వేసవంతా సన్నని దుమ్ము. చిరిగిన టోపీలోకి ఆ రెండూ వంతులవారీగా వెళ్ళి గుండును సానబెడతాయి. ఆ సాన ఎంత చిన్నగా మొదలైనా చాలు. 2005లో టయోటా సంస్థ అమెరికాలో టకోమా, టండ్రా పికప్‌లతో కలిపి ఏడు లక్షలకు పైగా బళ్ళను వెనక్కి పిలిచింది. తయారీలో బాల్ జాయింటు గుండు మీద గీతలు పడి ఉండవచ్చని, అవి పోనుపోను జాయింటును పాడుచేయవచ్చని కారణం చెప్పింది. ఫ్యాక్టరీలో పడే గీతకే అంత గాబరా అయితే, మా పొలాల దారిలో గుండు మీద ఏళ్ళ తరబడి పడుతున్న గీతల్ని ఏమనాలి?

నిన్ను పట్టుకోవడంలోనూ ఒక మెలిక ఉంది. ముందు కమాన్ పట్టీలు లేకుండా పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్ ఉండి, స్ప్రింగో టార్షన్ బారో కింది ఆర్మ్‌ను నొక్కే బళ్ళలో లోడు మోసేది నువ్వే. ఛాసిస్ కింద జాక్ పెట్టి చక్రం లేపితే, స్ప్రింగ్ బలం ఆర్మ్‌ను కిందికి తోస్తూనే ఉంటుంది. ఆ బిగువులో నీ వదులు బయటపడదు. రోడ్డు పక్కన అలా లేపి, టైరు ఊపి చూసి "ఏం లేదన్నా, బాగుంది" అనేవాళ్ళు అబద్ధమాడడం లేదు. వాళ్ళ చేతికి నువ్వు నిజంగానే తగల్లేదు. మా మిస్త్రీ జాక్‌ను కింది ఆర్మ్ కిందనే, నీకు దగ్గరగా పెట్టాడు. స్ప్రింగ్ బరువు జాక్ మీదికి వచ్చింది. టైరు కింద రాడ్ దూర్చి పైకి ఎత్తాడు. నువ్వు కళ్ళెదుటే కదిలావు. టైరును పైనా కిందా పట్టుకుని ఊపాడు, అప్పుడూ ఆడింది. కుర్రాణ్ణి బ్రేకు తొక్కి పట్టుకోమన్నాడు. వదులు వీల్ బేరింగుదైతే బ్రేకు పట్టగానే ఆగిపోవాలి. ఆగలేదు. పక్కలకు ఊపితే ఆడేది టైరాడ్ ఎండ్ అంటాడాయన. అది బాగానే ఉంది. నేరం నీదేనని తేలింది.

అంతకుముందు నీ బదులు శిక్ష పడింది టైరుకు. లోపలి అంచు ముందు నున్నగా అయింది. చూసినవాళ్ళంతా అలైన్‌మెంట్ చేయించమన్నారు. నువ్వు వదులుగా ఉన్నంతకాలం ఎంత మంచి యంత్రం మీద పెట్టి అలైన్‌మెంట్ చేసినా, మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే ఆ కొలతలు చెదిరిపోతాయి. టైరు ఖరీదులో నీ ఖరీదు చిన్న ముక్క. ఆ ముక్క దాచుకుని టైర్లు కొంటున్న యజమానులు మా వైపు చాలామంది ఉన్నారు. వాళ్ళను చూస్తే జాలేస్తుంది.

కమాన్ పట్టీల మీద నడిచే పాత బళ్ళలో నువ్వుండవు. నీ పెద్దన్న కింగ్ పిన్ ఉంటుంది. దాని మీద నాకు ఇంత కోపం లేదు. అది గ్రీజు అడుగుతుంది, పెడితే చాలాకాలం నిలుస్తుంది. కాకపోతే యాక్సిల్ కింద జాక్ పెట్టి చక్రం లేపి కొట్టాలి. బరువు మోసే వైపుకు గ్రీజు చేరేది అప్పుడే.

డబ్బు సంగతి ఇంతటితో వదిలేస్తాను. అసలు భయం వేరే ఉంది. నువ్వు పూర్తిగా అరిగి గుండు గిన్నెలోంచి ఊడితే, చక్రం పక్కకు మడుచుకుపోతుంది, ఆర్మ్ రోడ్డును కొట్టుకుంటుంది, బ్రేకు పైపు తెగవచ్చు. అప్పుడు స్టీరింగ్ పట్టుకున్నా ఒకటే, వదిలినా ఒకటే. మా పికప్‌లలో వెళ్ళేవి బస్తాలే అయితే ఇంత గొంతెత్తేవాణ్ణి కాదు. వసంత పంచమికి అక్షరాభ్యాసం చేయించడానికి పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని బాసర వెళ్ళే బళ్ళు నాకు తెలుసు. సరుకుల బండిలో మనుషుల్ని ఎక్కించడం తప్పు, నేను ఒప్పుకోను. కానీ ఎక్కుతున్నారు. 2015 పుష్కరాలకు గోదావరి ఒడ్డుకు జనం ఎలా కదిలారో చూశాం. 2027లో మళ్ళీ పుష్కరాలు. బాసరకు, కందకుర్తి సంగమానికి బయలుదేరే పాత బళ్ళ కింద నువ్వుంటావు. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలని చట్టంలో ఉంది. మంచిదే. కానీ మా దారుల్లో టోపీ చిరిగాక నీకు ఏడాది అక్కర్లేదు.

అందుకని ఈ ఊళ్ళో ఎవరూ మరిచిపోలేని రెండు తేదీలు పట్టుకున్నాను. సుప్రీంకోర్టు 2013 ఫిబ్రవరి 28న ఇచ్చిన తీర్పు ప్రకారం, మా తాలూకాలోని బాబ్లీ బ్యారేజీ గేట్లు ఏటా జులై 1న ఎత్తుతారు, అక్టోబరు 28 దాకా దించరు. వానాకాలం లెక్క అదే. గేట్లు ఎత్తే ముందు ఒకసారి, దించాక ఒకసారి నీ టోపీ తుడిచి చూస్తాం, జాక్ కింది ఆర్మ్ కింద పెట్టి నిన్ను ఎత్తి చూస్తాం. ఆ రెండు రోజులూ తమ్ముడు పక్క సీట్లో కూర్చుంటాడు. బండి ఇంకొకరు నడుపుతారు.

నిన్నూ, కుడివైపు నీ జోడీనీ కలిపే మార్చేశాం. వదులు నీలోనే దొరికినా, ఇద్దరూ తిరిగిన దారి ఒకటే కదా. కొత్త నట్టు బిగించాం. స్ప్లిట్ పిన్ రంధ్రం కుదరకపోతే మిస్త్రీ నట్టును వెనక్కి తిప్పలేదు, ఇంకాస్త ముందుకే బిగించి కొత్త పిన్ దూర్చాడు. ఆ తర్వాతే అలైన్‌మెంట్‌కు పంపాం. నీ స్థానంలో వచ్చినవాడికి ఈ ఉత్తరం మొదటి రోజు నుంచీ వర్తిస్తుంది.

ఇట్లు,
ధర్మాబాద్ నుంచి ఒక పికప్ యజమాని