ఒక ల్యాన్‌కార్డు ఆత్మకథ

నన్ను జనులు ల్యాన్‌కార్డు అందురు. అరచేత నిముడు పలక, దాని నడుమ నొక నల్లని చిప్పు, క్రింది యంచున బంగారుపూత గల పలువరుస, వెనుక రేకుపట్టీలో తీగ తగిలించు చతురస్రపు గవాక్షము, ఇంతియే నా శరీరము. ఆ చిప్పు తైవాను దేశమందలి రియల్‌టెక్ సంస్థ కల్పించిన 8139. నన్ను కూర్చినవారి పేరు మాత్రము నాపై నెచ్చటను లేదు.

2006వ సంవత్సరపు వేసవిలో విజయవాడ గవర్నరుపేటయందలి యొక కంప్యూటరు దుకాణమున అద్దాల బీరువాలో నుంటిని. పగలెల్ల ఎండ మండి, సాయంకాలమునకు ఈదురుగాలితో ఉరుములు మెరుపులు కృష్ణా డెల్టాపై విరుచుకొనిపడు దినము లవి. అట్టి ప్రతి గాలివాన మరునాడును మా కులమునకు గిరాకి హెచ్చుట గమనించితిని. ఎక్కడనో పడిన పిడుగువలన జనించిన విద్యుత్తరంగము టెలిఫోను రాగితీగ వెంట ఇల్లు చొచ్చి, మోడెమును దాటి, మదర్‌బోర్డునందే యమరియున్న ల్యాన్‌పోర్టును దహించును. తక్కిన యంత్రమంతయు నిక్షేపముగ నుండగా ఆ యొక్క ద్వారము మూసికొనిపోవును. మదర్‌బోర్డు మార్పింపవలెనన్న వేలతో పని. ఖాళీగా నున్న పీసీఐ స్లాటులో నావంటిదానిని గ్రుచ్చినచో కొన్ని వందలతో తీరును.

అట్లే సత్యనారాయణపురమునుండి యొక విశ్రాంత ఉపాధ్యాయుడును, ఇంజనీరింగు చదువుచున్న ఆయన కుమార్తెయు వచ్చిరి. దుకాణదారుడు మువ్వురిని బల్లపై పరచెను: పేరులేని నేను, పేరుగల డీ-లింకు, అన్నిటికంటె ప్రియమైన ఇంటెల్.

“ఇంటెల్ తీసుకోండి మాస్టారూ, మన్నుతుంది” అనెను.

బందరు కాలువ క్రింద రెండెకరముల మాగాణి సాగుచేయు మాస్టారు కుమార్తె వంక తిరిగి, “ముందు మన ఇంటికొచ్చే తూమెంతో చెప్పమ్మా” అనిరి.

“రెండొందల యాభయ్యారు కిలోబిట్లు నాన్నా. ఈ చిన్న కార్డే వంద మెగాబిట్లు మోస్తుంది. దాదాపు నాలుగొందల రెట్లు.”

కాలువ యెంత నిండుగా పారినను తూము వదలినంతయే గదా మడి చేరునది! ఆ యొక్క ప్రశ్నతో సగము బేరము తెగినది. ఆ బాలిక అంతటితో నూరకుండక మమ్ము త్రిప్పి చిప్పుల మీది యంకెలు చదివెను. డీ-లింకు నందును నా 8139యే యుండుట చూచి, అధికమూల్యము పేరునకును వారంటీకిని మాత్రమే యని గ్రహించెను. వారంటీ పిడుగుపాటునకు వర్తింపదు. మరల కాలిపోవుటకు అవకాశమున్న వస్తువు చౌకదిగా నుండుటయే మేలని తండ్రికి నచ్చజెప్పెను.

నా లోపమును దాచను. ఇంటెల్ కార్డు వచ్చిన డేటాను తానే నేరుగా గమ్యస్థానమున నుంచును. నేనో, అంతయు నొక్క తొట్టిలో పోయుదును, దానినుండి ప్రతి ప్యాకెట్టును ప్రాసెసరు మరల నెత్తి వేరొకచోట పెట్టుకొనవలెను. నూరు మెగాబిట్లు నిండుగ పారు కార్యాలయమున నది ప్రాసెసరునకు గొప్ప భారము. ఆ యింటి సన్నని ధారకు మాత్ర మది లెక్కలోనిది కాదు. పైగా విండోస్ ఎక్స్‌పీ నన్ను తనంతట తానే గుర్తించెను. ఆమె హార్డుడిస్కు రెండవ భాగమున నెక్కించుకొనిన లినక్సులోనో, నాకు తగిన డ్రైవరు ముందే యుండెను.

ఆ యింటికి ఇంటర్నెట్టు నిచ్చుచుండిన బీఎస్ఎన్ఎల్ వారి పథకమున రాత్రి రెండు మొదలు ఉదయ మెనిమిది వరకు డేటాకు లెక్కలేదు. ఆ జామున ఆ బాలిక మేల్కొని పాఠములు దింపుకొనుచుండగా నా పచ్చదీపము మినుకుమినుకుమనుచుండెడిది. ఆరు గంటలకు, డాలసునందు సాయంకాలము దాటు వేళకు, అచ్చట నున్న ఆమె యన్నగారి కంఠము చిన్న చిన్న ప్యాకెట్లుగా నాలోనుండి ప్రవహించెడిది. “అన్నం తిన్నావా నాన్నా?” అను తల్లి ప్రశ్న మరల నాగుండానే పోయెడిది. నా జీవితమున నేను మోసిన బరువులలో నా కన్నిటికంటె ప్రియమైనది ఆ ప్రశ్నయే.

2007 జనవరిలో వేగము రెండు మెగాబిట్ల దాక హెచ్చినది; నన్ను మార్పవలసిన పని కలుగలేదు. ఉరుము వినబడిన తోడనే ఆమె పరుగున వచ్చి తీగ లూడదీయుచుండెను. తేమచే పలువరుసకు మకిలి పట్టినపుడు పెన్సిలురబ్బరుతో రుద్ది మరల గ్రుచ్చుచుండెను. తరువాత గాజుతీగ వచ్చినది. అది పిడుగును మోయదు. వచ్చిన కంప్యూటరులో పీసీఐ స్లాటు లేకపోగా నేను వెండిరంగు సంచిలో బల్లసొరుగు చేరితిని.

మొన్న నొకనాడు మనుమరాలు తాను కొనిన పాత కంప్యూటరు పోర్టు చెడినదని సొరుగు వెదకుచు నన్ను పైకి దీసెను. మాస్టారు కండ్లజోడు సవరించుకొని, నన్ను వెనుకకు ముందునకు త్రిప్పి చూచిరి.

“ఇప్పుడు మన తూమెంతమ్మా?”

“రెండొందల మెగాబిట్లు తాతయ్యా.”

“అయితే ఇది చాలదు. వెయ్యి మోసేది తెచ్చుకో” అని, నన్ను తమ పై పంచె చెంగుతో తుడిచి సంచిలో పెట్టిరి.